ఫెరిష్తా ఎవరు? ఆయన రాసిన చరిత్రని ఎంతవరకు నమ్మొచ్చు?

హైదరాబాద్‌ని మొదట భాగ్‌నగర్ అనేవారని ఫెరిష్తా రాశాడంటారు కదా, అసలు ఆయనెవరు, ఆయన మాట నమ్మొచ్చా అని అడిగారు.

గ్రూప్స్‌కి చదివే రోజుల్లో బహమనీల పాఠం వచ్చినప్పుడల్లా "ఫెరిష్తా ప్రకారం" అని నేనూ రాసేవాణ్ణి. ఆయనెవరో మాత్రం తెలీదు. పరీక్షల టెన్షన్ తీరాక ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆయన చరిత్రకి జాన్ బ్రిగ్స్ చేసిన ఇంగ్లిష్ అనువాదం పాత ప్రతి, నాలుగు సంపుటాలూ దొరికాయి. ఆ అనువాదం మొదట అచ్చయింది 1829లో. ఏదో ఒక పేజీ తిరగేద్దామని మొదలుపెట్టినవాణ్ణి ఆ ఎండాకాలమంతా దాంతోనే గడిపాను.

ఆయన అసలు పేరు మహమ్మద్ ఖాసిం హిందూ షా. ఫెరిష్తా కలం పేరు, పారశీకంలో దేవదూత అని అర్థం. 1560 ప్రాంతంలో ఇరాన్‌లో, కాస్పియన్ సముద్రం దగ్గరి అస్తరాబాద్‌లో పుట్టాడు. ఇప్పుడా ఊరిని గోర్గాన్ అంటున్నారు. చిన్నతనంలోనే తండ్రి వెంట దక్కన్‌కి, అహ్మద్‌నగర్‌కి వచ్చాడు. తండ్రికి ఆ రాజ్యాన్ని ఏలే నిజాంషాహీ వంశపు రాకుమారుడు మీరాన్ హుస్సేన్‌కి పారశీకం నేర్పే పని దొరికింది. అలా ఆ రాకుమారుడూ ఈ పిల్లవాడూ కలిసి చదువుకున్నారు. పెద్దయ్యాక ఫెరిష్తా సుల్తాన్ ముర్తజా నిజాంషా అంగరక్షక దళంలో అధికారి అయ్యాడు.

1588లో ఆ మీరాన్ హుస్సేనే తన తండ్రి సుల్తాన్ ముర్తజా మీద తిరగబడ్డాడు. తిరుగుబాటుదారులు కోటలోకి వచ్చేసరికి కాపలావాళ్లలో చాలామంది అప్పటికే జారుకున్నారు. ఫెరిష్తా మాత్రం తన చోటు వదల్లేదు. కత్తులు దూసినవాళ్లు ఆయన మీదికి వస్తుంటే, రాకుమారుడు తన చిన్ననాటి చదువుల తోడుని గుర్తుపట్టి చంపవద్దన్నాడు. ఆ తర్వాత తండ్రిని స్నానాల గదిలో పెట్టి, తలుపులు మూయించి, ఊపిరాడని వేడిలో చంపించాడు. ఏడాది తిరక్కుండానే ఆ కొడుకునీ చంపేశారు. ఫెరిష్తాలా ఇరాన్ లాంటి చోట్ల నుంచి వచ్చిన పరదేశీయుల మీద ఊచకోత మొదలైంది.

ఈ భాగం చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. అంతకుముందు నా నోట్సులో ఇది "ముర్తజా హత్య, 1588" అని ఒక్క లైను.

1589 చివర్లో ఫెరిష్తా బీజాపూర్ చేరాడు. అక్కడా సిపాయి బతుకే. అహ్మద్‌నగర్‌లో అధికారం చేజిక్కించుకున్న జమాల్ ఖాన్‌తో జరిగిన యుద్ధంలో గాయపడ్డాడు, పట్టుబడ్డాడు, తప్పించుకున్నాడు. బీజాపూర్ సుల్తాన్ రెండో ఇబ్రహీం ఆదిల్‌షా ఆయన చేతికి కలమిచ్చి, పొగడ్తలూ అబద్ధాలూ లేని చరిత్ర రాయమన్నాడు. ముప్పైకి పైగా పాత గ్రంథాలు ముందేసుకుని ఫెరిష్తా రాసిన పుస్తకమే గుల్షన్-ఎ-ఇబ్రాహీమీ. 1606 నాటికి సుల్తాన్‌కి సమర్పించాడు. మనం తారీఖ్-ఎ-ఫెరిష్తా అనేది దాన్నే.

ఇక నమ్మకం సంగతి. ఆయన కళ్లారా చూసింది వేరు, పెద్దవాళ్ల నోట విన్నది వేరు, ఎప్పటిదో పుస్తకాల్లోంచి ఎత్తి రాసింది వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. అహ్మద్‌నగర్ తిరుగుబాటుకి ఆయన ప్రత్యక్ష సాక్షి. 1565 తళ్లికోట యుద్ధం నాటికి పసివాడు. అందులో లక్షమంది చచ్చారన్న లెక్కని నేను లెక్కగా తీసుకోను. బహమనీ రాజ్యం పెట్టిన హసన్, గంగు అనే బ్రాహ్మణుడి దగ్గర పనివాడన్న కథని ఇప్పటి చరిత్రకారులు ఒప్పుకోరు. బీజాపూర్ వంశానికి మూలపురుషుడు యూసుఫ్ ఆదిల్‌ఖాన్ ఒట్టొమన్ సుల్తాన్ కొడుకన్నాడు. ఉప్పు తిన్న ఇంటి గొప్ప అది, అలాగే చదవాలి.

కానీ విన్నదాంట్లోనూ విలువైనది ఉంది. మన తెలంగాణ రాజు బహమనీ సుల్తాన్‌కి ఇచ్చిన ఫిరోజా సింహాసనం గురించి, దాన్ని చూసిన ముసలివాళ్లని అడిగి మరీ రాశాడు. నల్లచేవ కర్ర, పైన బంగారు రేకులు, నీలిరంగు మీనాకారీ, అంటే లోహం మీద రంగుల పూత పని. వచ్చిన ప్రతి సుల్తానూ మణులు పొదిగించగా పొదిగించగా చివరికి ఆ నీలమే కనబడకుండా పోయిందట. వరంగల్ కోటకి వెళ్లినప్పుడల్లా నాకు ఆ వాక్యాలు గుర్తొస్తాయి.

భాగ్‌నగర్ మాటకొస్తే, ఫెరిష్తా రాసేనాటికి హైదరాబాద్ కట్టించిన గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ బతికే ఉన్నాడు. పక్క రాజ్యంలో జనం చెప్పుకుంటున్న మాటని ఈయన రాశాడు. కులీ ప్రేమించాడనీ, ఆమె పేరు మీదే ఊరికి భాగ్‌నగర్ అని పేరొచ్చిందనీ చెప్పే భాగమతి పేరుని, అక్బర్ దూతగా దక్కన్ వచ్చిన కవి ఫైజీ కూడా ఎత్తాడు. హెచ్.కె. షేర్వానీ లాంటి పెద్ద చరిత్రకారులు భాగమతి కథే కల్పన అన్నారు. నా మటుకు, ఆ రోజుల్లో ఆ పేరు వాడుకలో ఉందనడానికి ఫెరిష్తా సాక్ష్యం గట్టిదే, ప్రేమకథకి మాత్రం అది చాలదు. పైగా గోల్కొండ గురించి ఆయన రాసిందే చాలా తక్కువ. కుతుబ్‌షాహీల చరిత్ర పుస్తకం ఒకటి ఉందని తెలిసినా తనకి దొరకలేదని ఆయనే ఒప్పుకున్నాడు. అందుకే బ్రిగ్స్ వేరే గ్రంథం తెచ్చి ఆ లోటు పూడ్చాల్సి వచ్చింది.

చదవాలనుంటే మూడో సంపుటంలోని అహ్మద్‌నగర్ భాగంతో మొదలుపెట్టండి. గోల్కొండ కూడా ఆ సంపుటంలోనే ఉంది.