గంట దాటితే తిమ్మిరి.. మెత్తటి సీటు వేయించినా తగ్గదేం?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం. పొట్ట తగ్గుతుందని ఆర్నెల్ల కిందట రోడ్డు సైకిల్ కొన్నాను. ఆదివారాలు రేణిగుంట మీదుగా శ్రీకాళహస్తి వెళ్లి వస్తున్నాను. గంట దాటేసరికి మర్మాంగం దగ్గర తిమ్మిరెక్కి స్పర్శ తెలియడం లేదు. సైకిల్ దిగిన కాసేపటికి మామూలవుతుంది. లావుపాటి జెల్ కవర్ వేయిస్తే ఇంకా ఎక్కువైంది. తొడల సందుల్లో ఒరుసుకుపోయి మంట. ఇలాగే తొక్కితే సంసార జీవితం దెబ్బతింటుందని ఒక స్నేహితుడు భయపెట్టాడు. ఎలాంటి సీటు కొనాలి? మా ఆవిడ కూడా తొక్కుతానంటోంది. ఆమెకూ అదే పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు ఆ జెల్ కవర్ తీసేయండి. మీ తిమ్మిరి ఎక్కువ కావడానికి కారణం అదే అయి ఉంటుంది.

చెక్క బల్ల మీద కూర్చుని అటూ ఇటూ కదిలితే పిరుదుల అడుగున రెండు ఎముకలు గట్టిగా తగులుతాయి. సైకిల్ మీద మన బరువు మోయాల్సింది అవే. వాటి మధ్య, మర్మాంగానికీ మలద్వారానికీ నడుమ ఉండే మెత్తటి భాగంలో పుడెండల్ అనే నరం, రక్తనాళాలు ఉంటాయి. ఆ చోటు బరువు మోయడానికి కాదు. సీటు మరీ మెత్తగా ఉంటే ఎముకలు అందులో దిగబడిపోతాయి, మధ్యలో ఉన్న జెల్ పైకి ఉబుకుతుంది. బురదలో కాలేస్తే వేళ్ల సందుల్లోంచి బురద పైకి వస్తుంది చూడండి, అచ్చం అలాగే. ఆ ఉబ్బు సరిగ్గా నరం మీదే నొక్కుతుంది. షాపులో బొటనవేలితో నొక్కి చూసి 'అబ్బ, ఎంత మెత్తగా ఉందో' అని కొనే సీటు పది నిమిషాల ప్రయాణానికి బాగుంటుంది, శ్రీకాళహస్తికి కాదు.

కాబట్టి చూడాల్సింది సీటు వెడల్పు. దీనికి మందపాటి అట్టపెట్టె ముక్క ఒకటి చాలు. దాన్ని అరుగు మీదో, మెట్టు మీదో పెట్టి, పల్చటి బట్టలతో కూర్చోండి. కాస్త ముందుకు వంగి, మడమలు పైకెత్తి అర నిమిషం ఉండండి. అట్ట మీద రెండు గుంటలు పడతాయి. ఒక గుంట మధ్య నుంచి రెండో గుంట మధ్యకు కొలవండి. దానికి రెండు, రెండున్నర సెంటీమీటర్లు కలిపితే మీకు కావాల్సిన వెడల్పు ఉజ్జాయింపుగా వస్తుంది. గుంటల మధ్య 12 సెంటీమీటర్లు ఉంటే 14, 14.5 వెడల్పున్న సీటు అన్నమాట. మధ్యలో గాడి గానీ, ఖాళీ గానీ ఉన్నది, కాస్త గట్టిది తీసుకోండి. మొదటి వారం పది రోజులు ఎముకల దగ్గర నొప్పి ఉంటుంది. అది తగ్గిపోయే నొప్పి, భయం లేదు. తిమ్మిరిని మాత్రం 'అలవాటైపోతుందిలే' అని ఓర్చుకోకూడదు.

కొత్త సీటు కొన్నా సరిగ్గా బిగించకపోతే డబ్బు దండగే. మడమ పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి తొక్కినప్పుడు కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు ఇంతకన్నా ఎత్తుంటే పిరుదులు ప్రతి తొక్కుకూ అటూ ఇటూ ఊగుతాయి. మీ తొడల మంటకు సగం కారణం ఇదే కావచ్చు. సీటు ముక్కు పైకి లేచి ఉండకూడదు, సమంగా పెట్టించండి. మరీ కిందికి దించితే ముందుకు జారిపోతారు, బరువంతా చేతుల మీద పడి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. హ్యాండిల్ సీటు కన్నా కిందికి ఉంటే కాస్త పైకి ఎత్తించండి. పందెంలో తొక్కేవాళ్లలా వంగాల్సిన అవసరం మనకేముంది?

ఇంకో సంగతి. మీరు వెళ్లే దారి దాదాపు చదునైనది. భాకరాపేట ఘాట్ ఎక్కేవాళ్లు మధ్యమధ్యలో తప్పనిసరిగా లేచి తొక్కుతారు. మీరేమో రెండు గంటలూ సీటుకు అంటుకుపోయి ఉంటారు. పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడండి.

మీ స్నేహితుడి మాటకు వస్తే, అందులో కొంత నిజం, కొంత అతి. 2018లో ఒక యూరాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనంలో రెండున్నర వేలకు పైగా సైక్లిస్టులను, ఈతగాళ్లతో, పరుగు తీసేవాళ్లతో పోల్చి చూశారు. సైక్లిస్టుల లైంగిక సామర్థ్యం ఏమీ తక్కువగా లేదు. తిమ్మిరి మాత్రం వాళ్లలో ఎక్కువ. లేచి నిలబడి తొక్కే అలవాటున్న వాళ్లలో అది బాగా తక్కువ. అయితే అమెరికాలో రోజంతా సైకిల్ మీద తిరిగే పోలీసుల్లో ఈ సమస్య నిజంగానే కనిపించింది. వాళ్లకు ముక్కు లేని సీట్లు వాడమని అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సూచించింది. ఆదివారం రైడర్‌కు అంత దూరం అక్కర్లేదు.

మంటకు: ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకోండి, లోపల డ్రాయర్ లేకుండా. చాలామంది సిగ్గుపడి రెండూ వేసుకుంటారు, ఆ కుట్లే చర్మాన్ని కోస్తాయి. ఒరుసుకునే చోట వాజ్‌లీన్ రాయండి. పౌడర్ వద్దు, మన చెమటకు అది ముద్ద కడుతుంది. రైడ్ అయ్యాక ఆ తడి షార్ట్స్‌తోనే హోటల్లో ఇడ్లీ, దోసె తింటూ గంట కబుర్లు చెప్పుకుంటే సెగగడ్డలు రావడం ఖాయం. దురద పుట్టిందని మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాయకండి. అది తామరైతే ముందు తగ్గినట్టే ఉండి తర్వాత ఇంకా పాకుతుంది. నా దగ్గరికి అలా వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

ఈ మార్పులు చేసేదాకా రెండు వారాలు సైకిల్ పక్కన పెట్టండి. తిమ్మిరి ఒక రోజుకు మించి నిలిచినా, అంగస్తంభనలో తేడా కనిపించినా, మూత్రంలో రక్తం వచ్చినా, వృషణాలు వాచినా ఆగకుండా యూరాలజిస్టును కలవండి. 46 ఏళ్లు కాబట్టి షుగర్ కూడా ఒకసారి చూపించుకోండి. షుగర్ ఉంటే ఈ చిన్న పుండ్లే మానకుండా సతాయిస్తాయి.

ఇక మీ శ్రీమతి గారి విషయం. ఆడవాళ్లలో ఆ ఎముకల మధ్య దూరం సాధారణంగా ఎక్కువ, అందుకే మీ సీటు ఆమెకు ఇరుకు కావచ్చు. ఆమెకు విడిగా ఇంకో అట్టముక్క మీద కొలత తీయండి. ఇద్దరూ ఒకే సైకిల్ మార్చి మార్చి తొక్కేటట్టయితే, ఎవరి ఎత్తు ఎక్కడో సీటు రాడ్డు మీద టేపు అంటించి గుర్తు పెట్టుకోండి.