ఆర్మీలో ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ వాళ్లు రోజంతా ఏం చేస్తారు?

తిరుపతిలో ఈసీఈ డిప్లొమా చదువుతున్న ఒక తమ్ముడి ప్రశ్న ఇది: "ఆర్మీలో ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్‌లో చేరాలని ఉంది. రోజువారీ పని ఎలా ఉంటుంది? స్క్రీన్ల ముందు కూర్చుని శత్రువు సిగ్నళ్లు జామ్ చేయడమేనా?"

నేను ఆర్మీ సమాచార విభాగమైన సిగ్నల్స్ కోర్‌లో ఇరవై నాలుగేళ్లు చేసి, నాయబ్ సుబేదార్‌గా దిగి, ఇప్పుడు చిత్తూరులో ఉంటున్నాను. సర్వీసులో సగానికి పైగా ఈ పనే. ఎక్కడ కూర్చున్నాం, ఎవరిని విన్నాం అన్నవి మాత్రం అడక్కు తమ్ముడూ, చెప్పను. మా ఆవిడకే చెప్పలేదు. "మీ ఆయన ఏం చేస్తాడు" అని ఎవరైనా అడిగితే "రేడియో వింటాడంట, దానికి జీతం ఇస్తారంట" అనేది. నిజానికి అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

పనిలో ముప్పాతిక భాగం వినడమే. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఇచ్చిన ఫ్రీక్వెన్సీల మీద ముందుకూ వెనక్కూ తిరుగుతూ, ఎవరు ఎప్పుడు మాట్లాడారో లాగ్‌బుక్‌లో రాయాలి. టైము, ఫ్రీక్వెన్సీ, ఎంత గట్టిగా వినిపించింది, ఎంతసేపు. మాటలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, అది భాష వచ్చినవాళ్ల పని. రోజూ ఆరింటికి పలికే వైర్‌లెస్ సెట్టు ఒకరోజు పలక్కపోతే అదీ రాయాలి. కొన్నిసార్లు అదే పెద్ద వార్త. రాత్రి రెండింటికి గరగర తప్ప ఏమీ ఉండదు, నిద్ర ముంచుకొస్తుంది, సరిగ్గా అప్పుడే అర నిమిషం ఎవడో పలికి పోతాడు. అది పట్టినవాడే ఆపరేటర్.

మోర్స్ రోజుల్లో పాత ఉస్తాదులు చుక్క, గీత కొట్టే తీరును బట్టి అవతల కూర్చున్న మనిషిని గుర్తుపట్టేవాళ్లు. దాన్ని ఫిస్ట్ అంటారు. తెలుగులో చేతివాటం అందామంటే అర్థం ఇంకోలా పోతుంది. మన చిత్తూరోళ్లకు ఇక్కడ ఒక లాభం ఉంది. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, పలమనేరు దాటితే కన్నడం వింటూ పెరిగిన చెవి కదా, కొత్త భాష యాసను తొందరగా పట్టేస్తుంది.

రెండో పని, పలికినవాడు ఎక్కడున్నాడో కనుక్కోవడం. డీఎఫ్ అంటాం, డైరెక్షన్ ఫైండింగ్. దీని మూలసూత్రం నేను మా నాన్న దగ్గరే చూశాను, అప్పుడు తెలియలేదు. అరుగు మీద కూర్చుని ట్రాన్సిస్టర్‌ను నెమ్మదిగా తిప్పుతూ ఉండేవాడు. ఒక కోణంలో కడప స్టేషన్ గట్టిగా వచ్చేది, ఇంకో కోణంలో టక్కున పడిపోయేది. లోపల ఉన్న ఫెర్రైట్ కడ్డీ కొస స్టేషన్ వైపు తిరిగితే శబ్దం పడిపోతుంది. గట్టిగా వినిపించే కోణం వెడల్పుగా ఉంటుంది, పడిపోయే కోణం మాత్రం సన్నగా ఉంటుంది. అందుకే దిక్కు చూడాలంటే శబ్దం పోయే చోటే వెతకాలి. ఇప్పటి యాంటెన్నాలు ఆ పని వేరే పద్ధతుల్లో, కంప్యూటర్‌తో చేస్తాయి. కానీ ఒక్క డీఎఫ్ స్టేషన్‌కు దక్కేది ఒక్క దిక్కు గీతే. దూరదూరంగా ఉన్న రెండు మూడు డీఎఫ్ స్టేషన్ల గీతలు మ్యాపు మీద కలిసిన చోట మనిషి ఉంటాడు.

మూడు గీతలైతే మామూలుగా ఒకే బిందువులో కలవవు, చిన్న త్రికోణం వస్తుంది. రాజస్థాన్ ఎడారిలో ఒక యుద్ధ విన్యాసంలో నా గీత ఆ త్రికోణాన్ని మైళ్ల పొడవు చేసేసింది. ముప్పై కిలోమీటర్ల దూరంలో ఒక డిగ్రీ తప్పితే అర కిలోమీటరు తేడా వస్తుంది. నాది మూడు డిగ్రీలు తప్పుతోంది. సెట్టు మార్చాను, కేబుల్ మార్చాను, ఎండలో మాస్టు (యాంటెన్నా స్తంభం) దించి మళ్లీ ఎత్తాను. తేడా పోలేదు. చివరికి సుబేదార్ సాబ్ వచ్చి, చుట్టూ ఒక్కసారి చూసి, "ఆ నీళ్ల ట్రాలీ ఇక్కడికి ఎవడు తెచ్చాడు?" అన్నాడు. తెప్పించింది నేనే. స్నానానికి దూరం నడవక్కర్లేదని ముందురోజు డ్రైవర్‌ను బతిమాలి యాంటెన్నా పక్కన పెట్టించాను. ఆ ఇనుము తరంగాన్ని వంకర తిప్పింది. ట్రాలీ పోయింది, గీత దారికొచ్చింది. తర్వాత వారం రోజులు అందరి నీళ్లూ నేనే మోశాను.

సినిమాల్లో చూపించని పని ఇంకా చాలా ఉంది. జనరేటర్‌కు డీజిల్, మాస్టు తాళ్లు బిగించడం, ఎర్త్ గుంటలో ఉప్పునీళ్లు పోయడం (ఎడారిలో పొడి ఇసుకకు ఎర్త్ పట్టదు), కొండల మీద యాంటెన్నాకు పట్టిన మంచు రాల్చడం. డ్యూటీ దిగితే పీటీ, గార్డు, లంగర్‌లో, అంటే వంటశాలలో, కూరగాయలు. ఎంత స్పెషలిస్టువైనా ఉల్లిపాయలు తరగడం తప్పదు.

ఇక జామింగ్. అందరూ అవతలివాడి సెట్టును ఆపేయడం అనుకుంటారు. కాదు. జామయ్యేది వినేవాడి చెవి. తిరుపతి గంగమ్మ జాతరలో డప్పుల పక్కన నిలబడి చూడు. నీ స్నేహితుడు అరుస్తూనే ఉంటాడు, వాడి గొంతుకు ఏమీ కాలేదు, నీకే వినపడదు. అందుకే జామర్ శక్తి లెక్క వినే సెట్టు ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి వేస్తారు. మధ్యమధ్యలో జామర్‌ను క్షణంపాటు ఆపి, అవతలివాడు ఇంకా అదే ఫ్రీక్వెన్సీలో ఉన్నాడా, జారిపోయాడా అని వింటారు. ఇంకో చిక్కు ఏంటంటే జామర్ వేయడమంటే చీకట్లో టార్చి వేయడమే. అవతల కూడా మనలాంటివాళ్లే డీఎఫ్ పెట్టుకుని కూర్చుంటారు. వేశామంటే సామాను సర్దుకుని జాగా మార్చాలి. నాకు టెన్షన్ అనిపించింది ఆ నిమిషాల్లోనే, మిగతాదంతా ఓపికే.

పేపర్లలో వచ్చిన విషయం కాబట్టి సంయుక్త గురించి చెప్పొచ్చు. డీఆర్‌డీవో, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి చేసిన ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ సిస్టమ్. 1.5 మెగాహెర్ట్జ్ నుంచి 40 గిగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. దాని పనిలో హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల డీఎల్‌ఆర్‌ఎల్‌కు పెద్ద పాత్ర ఉంది. డిప్లొమా తర్వాత యూనిఫాం వద్దనుకుంటే అటువైపూ చూడు.

చేరడం గురించి ఒక మాట. ర్యాలీలో "నాకు ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ కావాలి" అంటే ఇవ్వరు. ముందు సిగ్నల్స్ దక్కాలి, జబల్‌పూర్‌లోనో గోవాలోనో ట్రైనింగ్ అవ్వాలి, ఆ తర్వాత వాళ్లు పంపిన చోటికి పోవాలి. పై కోర్సులు మధ్యప్రదేశ్‌లోని మహులో. 2022 నుంచి అగ్నివీర్ పద్ధతి కాబట్టి మొదట నాలుగేళ్లే, ఆ తర్వాత నూటికి పాతికమంది దాకా మాత్రమే ఉంచుకుంటారు. ఇంట్లోవాళ్లకు ఈ లెక్క ముందే చెప్పు.

ఈలోగా రెండు పనులు చెయ్. తిరుపతి నుంచి చిత్తూరు బస్సెక్కితే దారిలో గాదంకి. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌లో 1024 యాగీ యాంటెన్నాల జతలు, 53 మెగాహెర్ట్జ్ మీద వాతావరణాన్ని చూస్తాయి. కాలేజీ తరఫున అనుమతి అడిగి ఒకసారి చూసి రా. రెండోది, పాత ట్రాన్సిస్టర్ ఒకటి సంపాదించి మీడియం వేవ్‌లో కడప గానీ చెన్నై గానీ దొరుకుతాయేమో చూడు. దొరికితే రెండింటికీ శబ్దం పడిపోయే దిక్కు రాసుకుని, మ్యాపు మీద ఆ ఊళ్ల నుంచి గీతలు గీయి. అవి మీ ఊరి చుట్టుపక్కల కలవాలి. కలవకపోతే పక్కన ఇనుప బీరువా ఉందేమో చూసుకో.