మెక్‌వారియర్ 5: కాళ్లు ఒక వైపు, మొండెం మరో వైపు

నమస్కారం. ప్లేస్టేషన్‌లో మెక్‌వారియర్ 5 ఆడుతుంటే రోబో చూస్తున్న దిక్కుకు కాకుండా మరో దిక్కుకు నడుస్తోందని మీరు రాశారు. అది లోపం కాదు. 2019లో కంప్యూటర్‌కు వచ్చి, 2021లో ఎక్స్‌బాక్స్‌కూ ప్లేస్టేషన్‌కూ చేరిన ఈ ఆటలో ఎడమ స్టిక్ కాళ్లను, కుడి స్టిక్ మొండేన్ని విడివిడిగా తిప్పుతాయి. కాళ్లను మొండెం దిక్కుకు తెచ్చే బటన్ ఏదో కంట్రోల్స్ సెట్టింగుల్లో చూసుకొని దాన్ని అలవాటు చేసుకోండి. స్టిక్ వదిలినా రోబో నడుస్తూనే ఉంటే, స్టిక్ వదలగానే వేగం తగ్గించి రోబోను ఆపే థ్రాటిల్ డికే అనే సెట్టింగును ఆన్ చేయండి. అయితే మొండెం తిప్పడం మాత్రం మానవద్దు, ఈ ఆట అసలు రుచి నాకు అందులోనే ఉంది: శత్రువు కాలుస్తున్నప్పుడు దెబ్బతిన్న భుజాన్ని పక్కకు మళ్లిస్తే, తర్వాతి దెబ్బ ఇంకా గట్టిగా ఉన్న కవచానికి తగులుతుంది.