డిగ్రీ చదివిన అమ్మాయి సెంటు సీసాలు నింపే పనికి వెళ్లవచ్చునా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీఎస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పూర్తి చేసింది. హైదరాబాద్‌లో సొంతంగా పెర్ఫ్యూమ్‌లు తయారు చేసి అమ్ముకునే ఒకావిడ దగ్గర సీసాలు నింపి, మూతలు బిగించి, లేబుళ్లు అంటించే పనిలో చేరతానంటోంది. జీతం నెలకు 12,000 రూపాయలు. ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగం నుంచి కూడా పిలుపు వచ్చింది. అక్కడ 18,000 ఇస్తామన్నారు. చదివిన చదువుకు సీసాలు నింపడం తగిన పనేనా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, నెలకు ఆరు వేల తేడా చిన్నది కాదు. దాని మీద చదువుల ఖర్చు, ఇంటి అప్పు వంటివి ఆధారపడి ఉంటే ఫార్మా ఉద్యోగంలో చేరమనే చెబుతాను. అటువంటి ఒత్తిడి లేకపోతే, కొన్ని విషయాలు ముందుగా తేల్చుకొని, మీ అమ్మాయిని ఏడాది పాటు ఆ పనిలో ఉండనివ్వవచ్చునని నా అభిప్రాయం. ఆ పని పేరు విని మీరు అనుకుంటున్నదానికీ, అందులో నిజంగా ఉన్నదానికీ చాలా తేడా ఉంది.

స్ప్రే చేసుకునే పెర్ఫ్యూమ్ అంటే ఇథనాల్ అనే ఆల్కహాల్‌లో కరిగించిన సుగంధ తైలాల మిశ్రమం. ఓ ద పర్ఫ్యూమ్ అని పిలిచే రకంలో ఈ తైలాలు సుమారు 15 నుంచి 20 శాతం ఉంటాయి. కలిపిన వెంటనే సీసాల్లో పోయరు. కొన్ని వారాలు చీకట్లో నిలవ ఉంచి, బాగా చల్లబరచి, కరగకుండా మిగిలిన మైనం వంటి పదార్థాలను వడకట్టిన తరువాతే నింపడం మొదలవుతుంది. చిన్న తయారీదారులు చాలామంది కొలపాత్రకు బదులు తూకాన్ని నమ్ముకుంటారు. మిశ్రమం సాంద్రత మిల్లీలీటరుకు 0.82 గ్రాములు అయితే 50 మిల్లీలీటర్ల సీసాలో 41 గ్రాములు పడాలి. సాంద్రత ఒక్కొక్క బ్యాచ్‌కు కొద్దిగా మారుతుంది కనుక, ప్రతిసారీ కొలిచి లెక్క వేసుకోవాలి. సీసాను మెడ దాకా నింపకూడదు, ఎందుకంటే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగితే ఇథనాల్ పరిమాణం సుమారు రెండు శాతం పెరుగుతుంది, అంటే 50 మిల్లీలీటర్లకు మరో మిల్లీలీటరు చోటు కావాలి. మన మే నెల ఎండలో కొరియర్ వ్యానులో ప్రయాణించే సీసా విషయంలో ఇది పుస్తకంలోని లెక్కగా మిగిలిపోదు. స్ప్రే పంపును సీసా మెడకు నొక్కి బిగించే క్రింపింగ్ పనిలో ఒత్తిడి తక్కువైతే ఆల్కహాల్ మెల్లగా ఆవిరైపోతుంది, ఎక్కువైతే గాజు పగులుతుంది.

ఇక కాగితం మీద ఒక లీటరుకు 50 మిల్లీలీటర్ల సీసాలు ఇరవై రావాలి. వడపోత కాగితం పీల్చుకున్నదీ, బీకరు గోడలకు అంటుకున్నదీ, నమూనాగా పక్కన పెట్టినదీ పోగా పందొమ్మిదే రావచ్చు. ఆ ఇరవయ్యో సీసా ఎక్కడికి పోయిందో రాసిపెట్టడం నేర్చుకున్న అమ్మాయికి ఉత్పత్తి ఖర్చు అంటే ఏమిటో ఎవరూ విడిగా పాఠం చెప్పనక్కరలేదు.

నాకు వీటన్నిటికంటే విలువైనదిగా కనిపించేది మరొకటి ఉంది. చేతితో నింపే మనిషి ఒకే పరిమళాన్ని కలిపిన రోజున, మూడు వారాలకు, ఆరు నెలలకు వాసన చూడగలుగుతుంది. నిమ్మ, నారింజ తైలాల్లో ఉండే లిమొనీన్ గాలి, వెలుతురు తగిలి ఆక్సీకరణ చెందడం మీ అమ్మాయి పరీక్షలో రాసే ఉంటుంది. ఇక్కడ అది తన ముక్కుకే తెలుస్తుంది. ఘాటైన పచౌలీ ఆకు తైలపు మిశ్రమానికి వాడిన పిపెట్‌ను (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టాన్ని) సరిగా కడగకుండా నారింజ మిశ్రమంలో ముంచితే ఒక బ్యాచ్ అంతా ఎలా పాడవుతుందో ఒక్కసారి చూస్తే జన్మలో మరచిపోదు. పెద్ద కర్మాగారంలో నింపే యంత్రం దగ్గర నిలబడినవారికి మిశ్రమం తయారవడం కనిపించదు, కొన్నవారి ఫిర్యాదూ వినిపించదు. చిన్న చోట ఈ రెండూ ఒకే బల్ల మీదికి వస్తాయి.

చేతితో నింపడాన్ని తక్కువగా చూడవలసిన అవసరం కూడా లేదు. చార్మినార్ పరిసరాల్లోని అత్తరు దుకాణాల్లో ఇప్పటికీ పెద్ద సీసాల నుంచి 3, 6, 12 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లోకి ఒడుపుగా వంచి ఇస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో డేగ్ అనే రాగి పాత్రలో పూలను మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనె ఉన్న భప్కా అనే పాత్రలోకి పట్టే పద్ధతి తరతరాలుగా చేతుల మీదనే నడుస్తోంది.

ఇప్పుడు మీరు కచ్చితంగా పట్టుబట్టవలసిన విషయాలు చెబుతాను. మొదటిది నిప్పు. శుద్ధ ఇథనాల్ ఆవిరి సుమారు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకోగలదు, అంటే మన గది ఉష్ణోగ్రతలో అది ఎప్పుడూ ప్రమాదకరమే. పని జరిగే చోట గ్యాస్ పొయ్యి గానీ, దేవుడి దీపం గానీ, అగరుబత్తి గానీ ఉండకూడదు. గాలి ధారాళంగా ఆడాలి, మంటలార్పే పరికరం చేతికందే దూరంలో ఉండాలి. అపార్ట్‌మెంటు వంటగదిలో పొయ్యి పక్కన నింపుతున్నట్లు కనిపిస్తే, ఆవిడ ఎంత మంచి మనిషైనా మీ అమ్మాయిని పంపవద్దు. గాఢమైన తైలాలు చర్మానికి ఎలర్జీ తెప్పించగలవు కనుక చేతి తొడుగులు తప్పనిసరి. ఉబ్బసం గానీ, వాసనలకు వచ్చే తలనొప్పి గానీ ఉన్నవారు ఈ వృత్తికి రాకపోవడమే మేలు.

రెండవది చట్టం. పెర్ఫ్యూమ్ 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం పరిధిలోకి వస్తుంది. 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం అమ్మకానికి తయారు చేయాలంటే రాష్ట్ర అధికారుల నుంచి లైసెన్సు కావాలి. ఆల్కహాల్ కొనుగోలుకు ఎక్సైజ్ నియమాలు, లేబుల్ మీది పరిమాణానికీ ఎమ్మార్పీకీ తూనికలు కొలతల నియమాలు వర్తిస్తాయి. లైసెన్సు లేని చోట సంపాదించిన అనుభవానికి రేపు ధ్రువపత్రం అడిగితే ఇచ్చేవారుండరు.

మూడవది నేర్చుకునే అవకాశం. మూడు నెలల తరువాత తూకం వేయనిస్తారా, ఆరు నెలలకు ఒక్కొక్క బ్యాచ్ వివరాలు నమోదు చేసే పుస్తకం రాయనిస్తారా అని చేరకముందే అడిగి, ఒప్పుకున్నది కాగితం మీద పెట్టించండి. ఫార్ములాలు చూపించమని మాత్రం అడగకూడదు. అవి ఆవిడ జీవనాధారం. మీ అమ్మాయి తన సొంత నోటు పుస్తకంలో ఒక్కొక్క ముడిపదార్థం వాసన ఎలా ఉందో, కాగితపు పట్టీ మీద ఎంతసేపు నిలిచిందో రాసుకుంటే చాలు, అందులో ఎవరి రహస్యమూ ఉండదు. ఏడాది తరువాత కూడా లేబుళ్లు అంటించడమే పని అయితే ఇక అక్కడ ఉండవద్దు.

ఆ పైన చదువు. కన్నౌజ్‌లో 1991లో ఏర్పడిన ఫ్రాగ్రెన్స్ అండ్ ఫ్లేవర్ డెవలప్‌మెంట్ సెంటర్ స్వల్పకాలిక శిక్షణలు ఇస్తుంది. ముంబైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలోనూ, ములుండ్‌లోని వజే కళాశాలలోనూ పరిమళ ద్రవ్యాలకు సంబంధించిన కోర్సులున్నాయి. సుగంధ మొక్కలపై పనిచేసే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీమ్యాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లోనే పరిశోధన కేంద్రం ఉంది. ఈ రంగంలో అందరూ పెర్ఫ్యూమర్లు కారు. పరిమళాలను అంచనా వేసేవారు, సబ్బులో షాంపూలో వాటిని ఇమిడ్చే కెమిస్టులు, నాణ్యతను పరీక్షించేవారు, సుగంధ పదార్థాల సురక్షిత వాడకానికి హద్దులు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఇఫ్రా ప్రమాణాలకు ఫార్ములాలు సరిపోయాయో చూసేవారు ఎక్కువమంది ఉంటారు. ఫార్మాలో చేరినా, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రఫీ మీద పని దొరికితే, అది సుగంధ పరిశ్రమకూ పనికొచ్చే నైపుణ్యమేనని మీ అమ్మాయికి చెప్పండి. అటు వెళ్లినంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు.

నిర్ణయానికి ముందు, సీసాలు నింపే రోజున మీరిద్దరూ కలిసి అక్కడికి వెళ్లండి. అమ్మకానికి పెట్టిన ఏదో ఒక సీసాను తీసి, దాని మీది బ్యాచ్ నంబరు చూపించి, ఆ బ్యాచ్ వివరాలు చూడవచ్చునా అని మర్యాదగా అడగండి. ఫార్ములా ఉన్న పేజీని చేత్తో కప్పి, ఏ రోజు కలిపారో, ఎన్నాళ్లు నిలవ ఉంచారో, ఎన్ని సీసాలు వచ్చాయో ఆవిడ చూపించగలిగితే మీ అమ్మాయిని చేరనివ్వండి.