నిలబడలేకపోయినవారి పక్కన కూర్చుని చదువు

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి,

వందనాలు. క్రైస్తవ చారిత్రక నవలలు చదవడం మొదలుపెట్టావనీ, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షుల ఘట్టాలు వచ్చినప్పుడల్లా కన్నీళ్లు ఆగడం లేదనీ, పుస్తకం మూశాక మాత్రం నీ విశ్వాసం నీకే పలచగా కనిపించి దిగులు పుడుతోందనీ రాశావు. ఇలాంటి పుస్తకాలను ఎలా చదవాలని అడిగావు. ఎన్నో ఏళ్లుగా వీటిని ఇష్టంగా చదువుతున్నవాణ్ని కనుక నాకు తోచింది వివరంగా రాస్తున్నాను.

ఆ కన్నీళ్లకు సిగ్గుపడకు, కానీ వాటిని బట్టి నీ విశ్వాసాన్ని తూచుకోకు. నేర్పున్న రచయిత ఎవరినైనా ఏడిపించగలడు. నువ్వు గమనించవలసింది, కథ నడుస్తున్నంతసేపూ ఎవరి పక్కన నిలబడి చదువుతున్నావన్నది. మనలో చాలామందిమి మృగాల ఎదుట కీర్తన పాడుతున్న యువతి పక్కనే నిలబడతాం. రచయిత కూడా మనల్ని అక్కడికే నడిపిస్తాడు. చివరి పేజీ అయ్యాక ఆ చోటు మనది కాదని తెలిసివస్తుంది, నీ దిగులు అక్కడ పుడుతోంది. అందుకే ఈసారి చదివేటప్పుడు నిలబడలేకపోయినవారిని వెతుక్కుని, వారి పక్కన కూర్చుని చదవమని చెబుతున్నాను.

అలాంటివారు చరిత్రలో ఎందరో ఉన్నారు. క్రీ.శ. 250 ప్రాంతంలో రోమా చక్రవర్తి డేసియస్, సామ్రాజ్యంలోని వారందరూ దేవతలకు బలి అర్పించి అధికారుల దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలని శాసించాడు. ఆ పత్రాలు కొన్ని పపైరస్ మీద రాసినవి ఈజిప్టులో దొరికాయి. ఫలానా ఊరివాణ్ని, ఎప్పుడూ దేవతలకు బలులు అర్పిస్తూనే వచ్చాను, ఇప్పుడు మీ ఎదుట పానార్పణ చేసి, బలి అర్పించి, బలిమాంసం రుచి చూశాను, దీన్ని ధ్రువీకరించమని మనవి చేసుకుంటున్నాను అన్న ధోరణిలో అవి ఉంటాయి. కింద సాక్షుల సంతకాలుంటాయి. అందులో క్రీస్తును దూషించే మాట ఒక్కటీ లేదు, అసలు ఆయన పేరే లేదు. ఒక మామూలు సర్కారు కాగితంలాగే ఉంటుంది. ప్రభువును కాదనడం ఇంత నిశ్శబ్దంగా, ఇంత సులువుగా జరిగిపోగలదని మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరంలో చాలామంది విశ్వాసులు వెళ్లి బలి అర్పించారు. మరికొందరు బలి అర్పించకుండానే లంచమిచ్చి పత్రం సంపాదించుకున్నారు. అక్కడి బిషప్పు సిప్రియన్ నగరం విడిచి దాక్కుని, ఉత్తరాల ద్వారా సంఘాన్ని నడిపించాడు. అందుకు ఆయనను తప్పుపట్టినవారూ ఉన్నారు. హింస తగ్గాక తప్పుకున్నవారు తిరిగి సంఘం తలుపు తట్టినప్పుడు, వారిని చేర్చుకోవడమా మానడమా అన్న ప్రశ్న పుట్టింది. ఎన్నటికీ చేర్చుకోకూడదన్న నోవాషియన్ రోమాలో వేరు కుంపటి పెట్టాడు. కార్తేజ్‌లో 251లో కూడిన బిషప్పుల సభ మాత్రం, పశ్చాత్తాపపడినవారికి దారి మూయకుండా, పత్రం మాత్రమే కొనుక్కున్నవారిని, నిజంగా బలి అర్పించినవారిని వేర్వేరుగా చూడాలని నిర్ణయించింది. ఆ నాడు దాక్కున్న సిప్రియనే 258లో విశ్వాసం కోసం శిరచ్ఛేదం పొందాడు. ఇంగ్లండులో ప్రొటెస్టెంట్ ఆర్చిబిషప్పు క్రాన్మర్ కూడా ఇలాంటివాడే. చెరలో ఉండగా తన విశ్వాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకాలు చేసి, 1556లో ఆక్స్‌ఫర్డ్‌లో దహనానికి తీసుకుపోయిన రోజున ఆ సంతకాలను కాదని, వాటిని పెట్టిన కుడిచేతినే ముందుగా మంటలో ఉంచాడు.

వీరి సంగతి చదివిన రాత్రి, ‘నేనైతే ప్రాణమిచ్చి ఉండేదాన్నా’ అని నిన్ను నువ్వు అడగకు. ప్రభువు శిష్యుడు పేతురు ఆ ప్రశ్నకు ఎంతో ధీమాగా జవాబిచ్చాడు, అది తెల్లవారేదాకా కూడా నిలవలేదు. దానికి బదులు, ఈ వారంలో నేను ఏ కాగితం మీద సంతకం పెట్టాను అని అడుగు. నలుగురిలో నవ్వుల పాలవుతానని ఎక్కడ మౌనంగా ఉండిపోయాను? ఉద్యోగం పోతుందనో, ఇంట్లో గొడవ అవుతుందనో ఏ అబద్ధానికి తలూపాను? ఈ ప్రశ్నకు నిజమైన జవాబు ఉంటుంది, తేదీతో సహా ఉంటుంది. దాన్ని ఒక నోటుపుస్తకంలో నాలుగు వాక్యాల్లో రాసి, ప్రార్థనలో ప్రభువు ముందు పెట్టు. ఎవరికైనా అన్యాయం జరిగి ఉంటే వారి దగ్గరికి వెళ్లు. నవల నీకు చేయగల మేలు ఇంతవరకే, ఇది చిన్న మేలు కాదు.

హతసాక్షులను పక్కన పెట్టమని నా ఉద్దేశం కాదు. వారిని నవలలో చదివాక, వీలైనచోట వారి సొంత మాటల్లోనూ చదువు. 203లో కార్తేజ్‌లోనే హతసాక్షి అయిన పెర్పెతువా అన్న యువతి చెరసాలలో రాసుకున్న మాటలు మనకు దక్కాయి. ఆమెకు సుమారు 22 ఏళ్లు, ఒళ్లో పాలు తాగే బిడ్డ. అంతటి చీకటిని ఎన్నడూ ఎరగనందువల్ల భయపడిపోయానని ఆమే రాసింది. తండ్రి వచ్చి, తన నెరిసిన తలను చూసి జాలిపడమని, చేతులు ముద్దుపెట్టుకుని, కాళ్ల మీద పడి ఏడ్చాడు. ఆమె మాట మార్చలేదు, కానీ తండ్రి కోసం ఎంతో బాధపడింది. బిడ్డను తన దగ్గర ఉంచుకోనిచ్చాక చెరసాల రాజభవనమైపోయిందని రాసింది. నవలల్లో కనిపించే, ఏ భయమూ ఎరగని కథానాయిక కంటే ఈ తల్లి నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

రచయిత కల్పనకూ రుజువున్న సంగతికీ మధ్య గీత ఎక్కడుందో తెలుసుకుని చదవడం కూడా అవసరం. పుస్తకం చివర రచయిత తన మాట రాసి ఉంటే ముందు అదే చదువు. రోమా చక్రవర్తి నీరో కాలపు విశ్వాసులు రోమాలోని పెద్ద క్రీడారంగమైన కొలోసియంలో చనిపోయినట్టు ఏ నవలైనా చూపిస్తే నమ్మవద్దు. నీరో 68లో చనిపోయాడు, కొలోసియం 80లో తెరుచుకుంది. కాటకోంబులనే భూగర్భ సొరంగాలు ముఖ్యంగా సమాధుల కోసం తవ్వినవి, దాక్కుని నివసించడానికి కాదు. కల్పన దానంతటదే తప్పేమీ కాదు. 112 ప్రాంతంలో రోమా పాలనలోని బితూనియ ప్రాంతపు అధిపతి ప్లినీ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవుల మధ్య పరిచారకురాండ్రనిపించుకున్న ఇద్దరు దాసీలను హింసించి విచారించానని రాశాడు, వారి పేర్లు రాయలేదు. ఆ ఇద్దరికీ పేర్లూ ముఖాలూ ఇచ్చే రచయితకు నేను కృతజ్ఞుణ్ని. కానీ సువార్తల కాలపు నవలల విషయంలో మరింత మెలకువ కావాలి. మగ్దలేనే మరియను వేశ్యగా చూపించిన కథలు ఎన్నో ఉన్నాయి. సువార్తల్లో ఆ మాట ఎక్కడా లేదు. నవలలో ప్రభువు పలికిన వాక్యం నీ మనసులో నాటుకుపోతే బైబిలు తీసి చూసుకో, లేకపోతే కొన్నేళ్లకు అది వాక్యమనే నమ్మేస్తావు.

దుర్మార్గులందరినీ ఒకే పక్షంలో ఉంచే పుస్తకం దొరికితే ఆగి ఆలోచించు. యూదులందరినీ క్రూరులుగా చిత్రించిన నవలలు లోకంలో చాలా హాని చేశాయి. ప్రభువూ, ఆయన తల్లీ, పన్నెండుమంది శిష్యులూ యూదులే. కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ విడిపోయిన సంస్కరణ కాలపు కథలూ అంతే. క్రాన్మర్ కథ చదివినదానివి, 1535లో శిరచ్ఛేదం పొందిన కేథలిక్కు థామస్ మోర్ కథ కూడా చదువు. రెండు వైపులా ప్రార్థన చేస్తూ చనిపోయినవారున్నారు, రెండు వైపులా దేవుని పేరుతో చంపినవారున్నారు.

ఇక నవల వెంట నవల చదువుకుంటూ పోవద్దు. ఒకటి ముగిశాక కొన్నాళ్లు ఆగి, యోహాను సువార్త 18వ అధ్యాయం, 21వ అధ్యాయం ఒకదాని తరువాత ఒకటి నిదానంగా చదువు. పేతురు నిప్పుల దగ్గర ప్రభువును ఎరగనన్నదీ, నిప్పుల దగ్గరే ప్రభువు అతనికి భోజనం పెట్టి తిరిగి పని అప్పగించిందీ అక్కడ ఉన్నాయి. ఆ తరువాత, లంచమిచ్చి పత్రం కొనుక్కున్న కార్తేజ్ విశ్వాసి మీ సంఘానికే వచ్చి తలుపు తడితే నువ్వు ఏమంటావో ఆలోచించి, నీ జవాబు నాకు రాయి.

ప్రేమతో,
నీ పెదనాన్న