అర్ధరాత్రి ఎండ కాసే ఊరెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, జూన్‌లో ఫ్రెండ్స్‌తో నార్వే వెళ్తున్నావట, ట్రోమ్సో దాకా, అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడ్డానికి. మన ఇంటి ఆడపిల్ల సొంత జీతంతో అంత దూరం వెళ్తోందంటే ఎంత సంబరపడ్డానో, ఫోన్ పెట్టేశాక మాత్రం ఒకటే బెంగ, అక్కడ దీనికి నిద్రెలా పడుతుందా అని. చిన్నప్పుడు పక్కింటి వరండా లైటు కిటికీలోంచి పడితేనే లేచి కూర్చునేదానివి. నా సర్వీసంతా నైట్ డ్యూటీలు చేసి పట్టపగలు పడుకున్న నర్సుని, అందుకే ఈ ఒక్క విషయంలో నా మాట వినమంటున్నా.

ట్రోమ్సో దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది, మే 20 ప్రాంతం నుంచి జులై 22 ప్రాంతం దాకా అక్కడ పొద్దు గుంకదు. సూర్యుడు ఆకాశంలో చుట్టూ తిరుగుతూ అర్ధరాత్రికి ఉత్తర దిక్కున కిందకి దిగి, మునక్కుండానే మళ్లీ పైకి లేస్తాడు. మన దగ్గర ఉత్తరం కిటికీ అంటే ఎండ రాదు, చల్లగా ఉంటుంది అనుకుంటాం కదా, అక్కడ సరిగ్గా మీరు పడుకునే టైముకి మంచం మీద ఎండ పడేది ఆ కిటికీలోంచే. రూమ్ బుక్ చేసేటప్పుడే దక్షిణం వైపు గది కావాలని రాయండి. సూర్యుణ్ణి బయటికెళ్లి తనివితీరా చూసుకోవచ్చు, పడక మీదకి పిలవక్కర్లేదు.

కళ్లు మూసుకుంటే చాలదా అంటావేమో, చాలదు. రెప్పల్లోంచి కూడా వెలుగు దూరుతుంది. కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనా పొరలో కొన్ని కణాలు ఉంటాయి, ఇది పగలా రాత్రా అని మెదడుకి కబురు చేరవేయడమే వాటి ముఖ్యమైన పని, నీలం వెలుగుకి మరీ ఎక్కువగా స్పందిస్తాయి. పగలే అని అవి చెప్పాయంటే నిద్రకి సాయపడే మెలటోనిన్ తగ్గిపోతుంది, ఇక ఎంత అలిసిపోయినా పక్క మీద దొర్లడమే. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేటప్పుడు మేమంతా నల్ల కళ్లద్దాలు పెట్టుకునేది స్టైలుకి కాదు. నువ్వూ అంతే, రాత్రి పదింటికి ఊరు తిరిగొస్తున్నా కళ్లద్దాలు తియ్యకు, గదిలోకి రాగానే తెరలు వేసెయ్యి, పడుకోబోయే ముందు వేస్తే లాభం లేదు.

తెరలు ఎంత మందంగా ఉన్నా మధ్యలో చీలిక ఉంటుంది, ఆ సందులోంచి కత్తిలా వచ్చే వెలుగు సరిగ్గా మొహం మీదే పడుతుంది. బట్టలారేసే క్లిప్పులు నాలుగు పట్టుకెళ్లు, లేదంటే హోటల్ బీరువాలో ప్యాంట్లు తగిలించే క్లిప్పుల హ్యాంగర్ ఉంటుంది కదా, దానితో రెండు తెరలూ కలిపి పట్టించెయ్యి. నేను క్వార్టర్స్‌లో వెంటిలేటర్ అద్దాలకి పాత ఎక్స్‌రే ఫిల్ములు అంటించుకునేదాన్ని, ఎవరివో పక్కటెముకలు చూస్తూ నిద్రపోయేదాన్ని. టీవీ కింద ఎర్రచుక్కలాంటి లైటు ఉంటే నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క చాలు.

ఇక అసలు సంగతి. కిటికీకి ఏం కప్పినా కప్పుకో గానీ లైటుకి మాత్రం గుడ్డ కప్పకు అమ్మలూ. మీ నాన్న కుడి అరచేతిలో మచ్చ చూశావుగా, దీపావళి టపాకాయ కాలిందని నీకు చెప్పాడు, అది అబద్ధం. వాడు డిగ్రీ పరీక్షలకి చదువుకుంటూ నా దగ్గర ఒంటిగదిలో ఉండేవాడు. నాకు తెల్లారి డ్యూటీ, వాడికి రాత్రంతా చదువు, గది మధ్యలో వంద వాట్ల బల్బు. అక్క కళ్లలో వెలుగు పడుతోందని వాడికి బాధేసి, వాడి టెర్లిన్ చొక్కా తీసి బల్బుకి నావైపు చుట్టాడు, చుట్టి పుస్తకం పట్టుకుని అలాగే నిద్రపోయాడు. ఆ బల్బుల గాజు వంద డిగ్రీలు దాటి వేడెక్కుతుందని వాడికేం తెలుసు. నాకు కమురు వాసనకి మెలకువొచ్చింది. కళ్లు తెరిస్తే చొక్కా కరిగి బొట్లు బొట్లుగా నా దోమతెర మీద పడుతోంది, పడినచోటల్లా కన్నం. నేను కేకేస్తే వాడు లేచి స్విచ్ ఆపడం మానేసి ఒట్టి చేత్తో చొక్కా లాగాడు, కరిగిన గుడ్డ అరచేతికి అతుక్కుపోయింది. కుళాయి కింద చెయ్యి పెట్టి ఎంతసేపు కూర్చోబెట్టానో, వాడు ఏడుస్తూ కూడా నీ దోమతెర పాడైపోయిందే అక్కా అంటాడు. ఇంకో పది నిమిషాలు నాకు మెలకువ రాకపోతే? అప్పుడు నా డ్యూటీ బర్న్స్ వార్డులో, అమ్మలూ. ఇంతకంటే చెప్పను.

ఇప్పుడు ఎల్ఈడీలు అంత కాలవు, నిజమే, కానీ పాత హోటళ్లలో మంచం పక్క దీపాల్లో హాలోజన్ ఉందో ఏముందో నువ్వు చూడబోవు. అందుకే వద్దన్నానంటే వద్దు. గది కప్పుకి ఉండే పొగ అలారంలో చిన్న లైటు మిణుకుమంటూ ఉంటుంది, దాని మీద కూడా టేపు వెయ్యకు. కళ్లకి మాస్కూ చెవులకి ఇయర్‌ప్లగ్గులూ రెండూ పెట్టుకుని పడుకోకు, అలారం మోగితే వినబడాలి. తలుపు దారిలో సూట్‌కేసు పెట్టకు, టార్చి దిండు పక్కనే ఉండాలి.

ఇంకొకటి. వెళ్లిన కొత్తలో తెల్లవారుజామున రెండున్నరకి ఠక్కున మెలకువొస్తుంది, ఎందుకంటే మనకి అప్పుడు ఆరు గంటలు, నీ ఒంటికింకా హైదరాబాద్ టైమే. తెర తీసి చూశావా, బయట ఎండ, ఇక తెల్లారిపోయిందని లేచి కూర్చుంటావు, ఆ రోజంతా పాడు. చూడకు. ఫోనూ చూడకు. అలాగే పడుకో, మళ్లీ పడుతుంది. నిద్ర చాలని రోజు కారు స్టీరింగ్ మాత్రం ముట్టుకోవద్దని నీ ఫ్రెండ్స్‌కి కూడా నా మాటగా చెప్పు.

కళ్లకి మాస్కు కొనకు, నేను కుడుతున్నా. బజారువి కనుగుడ్ల మీద నొక్కేస్తాయి, ముక్కు పక్కన సందులోంచి వెలుగు వస్తుంది. లోపల మెత్తటి నల్ల కాటన్, కళ్ల దగ్గర గిన్నెలా లోతు, ముక్కు దగ్గర చిన్న మడత పెడతా. నీ తల చుట్టుకొలత, ముక్కు మీద నుంచి చెవి దాకా కొలత టేపుతో కొలిచి ఆదివారం లోపు వాట్సాప్‌లో పెట్టు. మీ ఫ్రెండ్స్ ఎంతమందో చెప్తే వాళ్లకీ కుడతా.

మీ అత్త