మా అమ్మాయి లాప్‌టాప్‌లో అణువులు కడుతోంది, దీనికి కెరీర్ ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంపీసీతో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. లెక్చరర్ అవొగాడ్రో అనే సాఫ్ట్‌వేర్ చూపించినప్పటి నుంచి సాయంత్రమైతే చాలు, అణువుల బొమ్మలు వేస్తూ కూర్చుంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. ఇది మాన్పించి కోడింగ్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: దయచేసి మాన్పించకండి. ఓ సాయంత్రం మీరూ పక్కన కూర్చుని మీథేన్ కట్టి చూపించమనండి. కార్బన్ ఎంచుకుని ఖాళీ తెర మీద ఒక్క క్లిక్ చేస్తే నాలుగు హైడ్రోజన్లు వాటంతటవే వచ్చి చేరతాయి. వాటిని అటూ ఇటూ లాగి వంకర చేసి, ఆప్టిమైజ్ (శక్తి తగ్గే ఆకారాన్ని వెతికే బటన్) నొక్కితే మళ్లీ సర్దుకుని, బంధాల మధ్య కోణం 109.5 డిగ్రీల దగ్గర ఆగుతాయి. ఇంటర్‌లో బట్టీ పట్టిన అంకె అలా కళ్లముందే తయారవుతుంది.

అసలు పాఠం ఆరు కార్బన్ల వలయమైన సైక్లోహెక్సేన్‌తో మొదలవుతుంది. దాన్ని పడవ ఆకారంలో గీసి ఆప్టిమైజ్ చేస్తే చాలాసార్లు కుర్చీ ఆకారానికి రాదు, కాస్త మెలితిరిగిన పడవగానే ఆగిపోతుంది. కుర్చీ రూపం శక్తి దానికన్నా మోలుకు సుమారు 23 కిలోజౌళ్లు తక్కువ. అయినా ప్రోగ్రామ్ దగ్గర్లో ఉన్న పల్లంలోకి, అంటే శక్తి తక్కువగా ఉన్న ఆకారంలోకి, దిగి ఆగుతుందే తప్ప, గట్టు అవతల ఇంకా లోతైన పల్లం ఉందో లేదో చూడదు. తెర మీద బొమ్మ కుదురుగా కనబడుతున్నా ‘ఇదే సరైన రూపమా?’ అని అనుమానించే అలవాటు అమ్మాయికి రావాలి. ఈ రంగంలో, అంటే కంప్యూటర్‌తో అణువుల లెక్కలు వేసే కెమిస్ట్రీలో, జీతం ఇచ్చేది ఆ అలవాటుకే అని నా నమ్మకం.

ఇంకొకటి. ఆ ఆప్టిమైజ్ బటన్ వెనక ఉన్న ఫోర్స్ ఫీల్డ్ అనే లెక్కల పద్ధతి బంధాలను స్ప్రింగుల్లా లెక్కిస్తుంది, ఎలక్ట్రాన్లను పట్టించుకోదు. బంధం తెగే చర్యలకు ఎలక్ట్రాన్లనూ లెక్కలోకి తీసుకునే క్వాంటమ్ లెక్కలు కావాలి. వాటిని చేసే ఆర్కా అనే ప్రోగ్రామ్ విద్యా అవసరాలకు ఉచితం, చిన్న అణువులకు మామూలు లాప్‌టాప్ చాలు. ఈ రెండు పద్ధతులనూ కలిపినందుకే కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్ అనే శాస్త్రవేత్తలకు 2013లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ఈ సాఫ్ట్‌వేర్ ఒక్కటే నేర్చుకుంటే ఉద్యోగం రాదు. మందుల కంపెనీల్లో ఈ పనికి ఎమ్మెస్సీ కావాలి, చాలాచోట్ల పీహెచ్‌డీ అడుగుతారు. ఐఐటీ జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాసి మంచి ఎమ్మెస్సీ, తర్వాత పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే సీఎస్‌ఐఆర్ నెట్, ఇదీ దారి. పరిశోధనకు హైదరాబాద్‌లోనే ఐఐసీటీ (కేంద్ర రసాయన పరిశోధన సంస్థ), సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. కోడింగ్ కూడా నేర్పించండి, కానీ దీన్ని మాన్పించి కాదు, దీనితోపాటే పైథాన్. మ్యాథ్స్‌లో మాత్రికలు అస్సలు వదలొద్దు, అణువుల శక్తిస్థాయిలు లెక్కకట్టేది వాటితోనే.

ఇప్పటికి ఒక నోట్‌బుక్ కొనివ్వండి. కట్టిన ప్రతి అణువుకూ తాను కొలిచిన బంధ దైర్ఘ్యం, పుస్తకంలో ఉన్న విలువ, తేడా వస్తే ఎందుకో రెండు ముక్కలు రాసుకోమనండి. రేపు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు గైడ్‌ను అడగడానికి వెళ్లినప్పుడు ఆ నోట్‌బుక్ చేతిలో పెట్టుకుని వెళ్లొచ్చు.